ఉస్తాద్ పరిచిన అట్ట

మా కారు మెకానిక్ పోయారని శనివారం పొద్దున పాలాయన చెప్పాడు. నార్కట్‌పల్లిలో అందరికీ ఆయన ఉస్తాదే, నాకూ అంతే. అప్పటికి నేను గేటు దగ్గర నిలబడి, వస్తానని రాని ఆ మనిషినే తిట్టుకుంటున్నాను. ఆయన పరిచిన అట్టముక్క మా పాత కారు కింద అట్లాగే ఉంది.

ట్యాంకు నుంచి ఇంజన్‌కు పెట్రోలు తెచ్చే ఇనుప పైపు తుప్పు పట్టి కారడం మొదలైంది. అమ్మను వారం వారం నల్లగొండ దవాఖానకు తీసుకెళ్లాలి. కారుతున్న చోట రబ్బరు ముక్క వేసి ఇచ్చెయ్యమన్నాను.

"గీడ మూస్తే గాడ కారుతది టీచరమ్మా. బండి ఆగితే నూక్కుంట పోవచ్చు. అంటుకుంటే అవ్వను ఎట్ల దించుతవ్?" అన్నారు.

పాత పైపు ఊడదీసి నేల మీద పెట్టి, దాన్ని చూస్తూ కొత్తదాన్ని ఒక్కో వంపూ చేత్తోనే వంచారు. ఎక్కడైనా నొక్కుకుపోయిందా, పక్కన పడేసి మళ్లీ మొదలు. మూడు రోజులు! నాకు ఒళ్లు మండింది.

"పని చేస్తున్నవా ఉస్తాద్, తపస్సు చేస్తున్నవా?"

"రెండూ చేస్తున్న."

బిగించగానే బండి ఇచ్చే అలవాటు ఆయనకు లేదు. కాసేపు ఇంజన్ నడిపి ఆపి, కింద శుభ్రమైన అట్ట పరిచేవారు. మర్నాడు వచ్చి అట్ట చూసి, ప్రతి జాయింటూ వేలితో తడిమి, ఆ వేలు వాసన చూసి, అప్పుడు "ఇగ తియ్యి" అనేవారు. ఆ మాట వినకుండా ఇరవై ఏళ్లలో నేను తాళం తిప్పింది లేదు.

శుక్రవారం సాయంత్రం అట్ట పరిచి వెళ్తుంటే, "రేపు రాకపోతే ఇంకో మెకానిక్‌ను చూస్కుంట" అన్నాను.

"రాక ఏడికి పోత?" అని నవ్వారు. ఇంటికెళ్లి పడుకున్న మనిషి మళ్లీ లేవలేదట.

నా నోరు పడిపోను, చివరి మాట అదా! రెండు రోజులు కారు వైపు పోలేదు. పెట్రోలు వాసన మాత్రం వంటింట్లోకి కూడా వచ్చింది. అది పైపు నుంచి వచ్చేది కాదని నాకు తెలుసు.

సోమవారం దవాఖానకు పోక తప్పదు. మొదటిసారి కారు కింద దూరాను. అట్ట పొడిగా ఉంది. మూలన ఆయన నల్లటి వేలిముద్ర. జాయింట్లన్నీ తడిమి వేలు వాసన చూశాను. ఏమీ లేదు. అయినా మళ్లీ ఒకసారి తడిమాను.

అమ్మకు ఆ కబురు ఇంకా చెప్పలేదు. వెనక సీట్లో సర్దుకుని అడిగింది: "ఉస్తాద్ చూసిండా బిడ్డా?"

"చూసిండమ్మా. ఇగ తియ్యమన్నడు."

తాళం తిప్పాను. గేటు దాటాక అద్దంలో చూస్తే ఖాళీ జాగాలో అట్ట ఒక్కటే కనబడింది. సాయంత్రం వచ్చి, కారును మళ్లీ దాని మీదే ఆపాను.