మాత్ర ఏసుకొనే వచ్చినావా?

మా డాక్టరు గారు మంగళవారం ఉదయం ఐదున్నరకు నంద్యాలలో ఒక ఆసుపత్రిలో పోయారు. పక్షవాతం. ఎనభై దాటిన మనిషి. ఆళ్లగడ్డలో జీవితమంతా జనానికి బీపీ మాత్రలు రాసిన ఆయన బీపీతోనే పోయారన్న మాట మధ్యాహ్నానికల్లా ఊరంతా తిరిగింది. ఆళ్లగడ్డలోనే ఉండే మా నాయన చెవినా పడింది. ఏళ్ల తరబడి ఆయన రాసిచ్చిన మాత్ర వేసుకుంటున్న మా నాయన, ఆ రోజు నుంచే అది మానేశాడు.

నాకది మూడో రోజుగానీ తెలియలేదు.

డాక్టరు గారు చదువుకునే రోజుల్లో, వయసుకు వంద కలిపితే వచ్చే అంకె దాకా బీపీ ఉండొచ్చని వాళ్ల గురువు ఒకాయన చెప్పేవారట. రక్తనాళాలు బిరుసెక్కితే రక్తానికి ఆ ఒత్తిడి కావాలి, తగ్గిస్తే ప్రమాదం అనుకునేవారు. ఈయన ప్రాక్టీసు పెట్టిన కొత్తలో రాసిన మందుల్లో ఒకటి సర్పగంధ వేరు నుంచి తీసింది. "దాంతో బీపీ దిగేది, మనిషి గూడా దిగిపోయేటోడు" అనేవారు. ముక్కు దిబ్బడ, ఒకటే దిగులు. తర్వాత ఒంట్లో ఉప్పునూ నీటినీ బయటికి పంపే మాత్రలు వచ్చాయి. బనగానపల్లె బస్సెక్కే రోజు జనం వాటిని ఎగ్గొట్టేవారు. దారిలో బస్సు ఆపమని ఎవరడుగుతారు? ఆ తర్వాత, రోజుకు ఒకటి చాలనే మాత్రలు. మందులు మెరుగైన కొద్దీ, జబ్బు అనిపించుకునే అంకె కిందికి జరుగుతూ వచ్చింది.

ఒక సాయంత్రం ఆసుపత్రి మూసేముందు నాతో అన్నారు: "పోయినేడు బాగుండావు పోప్పా అని పంపించినోన్నే ఈయేడు పిల్చి జబ్బుండాదని చెప్తాండా. వాడు నన్ను అబద్ధాలోడంటే ఏం చెప్పేది?" చేతులు కడుక్కుని ఇంట్లోకి వెళ్లారు.

బజారులో గుడ్డల దుకాణం నడిపే ఒక ముస్లిం పెద్దాయన ఒకసారి, షుగరు పరీక్షకు వెళ్లినట్టు పరగడుపున, మాత్ర వేసుకోకుండా వచ్చాడు. వేసుకుంటే అసలు బీపీ ఎట్లా తెలుస్తుందని ఆయన లెక్క. మా వైపు చాలామంది లెక్క అదే. బీపీ ఎక్కువ కనపడి డాక్టరు గారు మోతాదు పెంచారు. మర్నాడు పెద్దాయన, డాక్టరు గారు చెప్పినదంతా బుద్ధిగా వేసుకుని, నమాజులో నేలకు నుదురానించే సజ్దా నుంచి లేస్తూ కళ్లు తిరిగి పడ్డాడు. మణికట్టు విరిగింది.

డాక్టరు గారు ఆయన ఇంటికి నడిచి వెళ్లారు. తప్పు తనదని, ముందు అడగలేదని చెప్పారు.

"నువ్వు అడగల్యా, నేను చెప్పల్యా. చెరిసగం సార్. చెయ్యి మాత్రం నాదే ఇరిగె" అన్నాడాయన.

అప్పటి నుంచి డాక్టరు గారు చేతికి బీపీ పట్టీ చుట్టేముందు ఎవరినైనా ఒకటే అడిగేవారు: "మాత్ర ఏసుకొనే వచ్చినావా?" లేదన్నవాళ్లకు అక్కడే వేయించి, బయట బెంచీ మీద కూర్చోబెట్టేవారు.

మూడో రోజు నాయనా నేనూ పరామర్శకు వెళ్లాం. డాక్టరు గారి భార్య చాలా ఏళ్లు ఆ ఆసుపత్రిలో ఆయన పక్కన పని చేసింది. నాయన కణతలు నొక్కుకోవడం చూసి, మాత్ర సంగతి అడిగింది.

"ఏసుకోల్యామ్మా. ఆయనే ఇట్ల పాయ. ఇంక నేను మింగి ఏం చేసేది?"

ఆమె కోప్పడలేదు. అంత ఓపికా లేదు. గోడకు ఆనుకునే చెప్పింది. "మా మామ, ఈయన నాయన, ఆయప్ప గూడా పక్షవాతంతోనే పాయ, అన్నా. యాభై నిండల్యా. అప్పుడు మాత్రలు యాడివి? ఉప్పు మాని పండుకోమనిరి, అంతే. ఈయనకూ నలభైలోనే బీపీ వచ్చె. ఎనభై దాటినాడు. నడమ కాలం యాడనుంచి వచ్చె?"

నాయన ఇంటికెళ్లి మాత్ర వేసుకున్నాడో లేదో నేను చూడలేదు. నేనుండే నంద్యాలకు బస్సు వేళయింది.

వచ్చే శుక్రవారం పదకొండో రోజు. భోజనాలకు ముందు, ఉదయం పదింటికి, ఆమె డాక్టరు గారి బల్ల దగ్గర కూర్చుని వచ్చినవాళ్లకు బీపీ చూస్తానంది. మొదట మా నాయనకు. పట్టీ చుట్టేముందు ఆమె ఏం అడుగుతుందో ఆయనకు తెలుసు.