తాడు మీద నా ముడి

ఇవాళ సాయంత్రం ఆరున్నర దాటింది. ఎదురుగా కడుతున్న ఇంటి మీద కప్పిన టార్పాలిన్ ఆషాఢ గాలికి ఫటఫటమని కొట్టుకుంటోంది. ఆ చప్పుడు వింటే నా చేతిలో పని ఆగిపోతుంది. ఇవాళా ఆగింది. పప్పు గిన్నె మీంచి తలెత్తి చూస్తే ముందుగది కిటికీ ఊచకు నీలం నాడా వదులుగా వేలాడుతోంది. పక్కనున్న ఎర్ర నాడాకు మాత్రం ముడి అలాగే ఉంది. చిన్నవాడు చరణ్ ఇంట్లోనే ఉన్నాడు. తొమ్మిదేళ్ళ నందిని ఆరింటికి ట్యూషన్ నుంచి వచ్చి తన ముడి విప్పాలి. విప్పలేదు. స్టవ్ కట్టేసి వీధిలోకి పరిగెత్తాను.

మా ఇంట్లో ఇదొక నియమం. బయటికి వెళ్ళేటప్పుడు పిల్లలు తమ నాడాకు ముడి వేయాలి, తిరిగి రాగానే విప్పాలి. వనపర్తిలో మా వీధిలో ఇంకెవరింట్లోనూ ఇలాంటిది లేదు. "మీ అమ్మ మిమ్మల్ని బర్రెల లెక్క కట్టేస్తదారా?" అని చరణ్ దోస్తులు ఎక్కిరిస్తారట. మా ఆయన నవ్వి ఊరుకుంటాడు. ఈ ముడి ఎక్కడిదో ఆయనకు కూడా నేను చెప్పలేదు.

వీధంతా వెతికాక నందిని మా మేడ మీది వాళ్ళింట్లోనే దొరికింది. కొత్త రెయిన్‌కోటు గాలికి ఎగిరి నాలాలో పడిందట. "నువ్వు తిడుతవని భయమైందమ్మా" అంది. నేను తిట్టలేదు, చెంప మీద కొట్టాను. బిడ్డను అంత గట్టిగా ఎప్పుడూ కొట్టలేదు. తర్వాత దాన్ని పట్టుకొని నేనే ఏడ్చాను. ఇప్పుడు పిల్లలు నిద్రపోతున్నారు. గాలి తగ్గలేదు. మహబూబ్ చిచ్చా గురించి ఈ రాత్రయినా రాయకపోతే ఇక ఎప్పటికీ రాయను.

చిచ్చాది కొత్తకోట. హైవే పక్కన లారీలకు టార్పాలిన్లు కుట్టేవాడు. సోమశిల దగ్గర కృష్ణ నిండి అవతలి ఒడ్డు కనపడనంతగా పరుచుకునే రోజుల్లో కొండల సందుల్లోంచి గాలి దిగుతుంది. ఆ గాలి కోసం నగరం నుంచి కొందరు తెరచాప బిగించిన బోర్డులు తెచ్చుకొని, వాటి మీద నిలబడి నీళ్ళను కోసుకుంటూ పోయేవాళ్ళు. ఒకాయనైతే పెద్ద గాలిపటాన్ని నడుముకు కట్టుకొని, అది లాగుతుంటే కాళ్ళ కింద చిన్న పలకతో ఎగిరేవాడు. చిరిగిన తెరచాపలు కుట్టడానికి వాళ్ళు చిచ్చాను పిలిపించారు. రెండు వానాకాలాల తర్వాత వాళ్ళు రావడం మానేశారు. పాతబడిన నాలుగు బోర్డులను రేకుల షెడ్డులో ఆయనకే వదిలేశారు. యాభై దాటిన మనిషి కుట్టడానికి వచ్చి, చూసి నేర్చుకొని, అక్కడే మిగిలిపోయాడు. గాలి ఉన్నన్నాళ్ళు సోమశిల, మిగతా కాలం కొత్తకోట.

నేను కొల్లాపూర్‌లో డిగ్రీ చదువుతూ సెలవులకు సోమశిలలో మేనత్త ఇంటికి వెళ్ళేదాన్ని. ఒకరోజు ఘాటు మెట్ల మీద కూర్చొని, బోర్డు మీంచి పడుతూ లేస్తున్న పిల్లలను చూసి నవ్వాను. గడ్డానికి గోరింట రంగు వేసుకొన్న మనిషి నా వైపు తిరిగాడు.

"నవ్వుడు అయిందా బేటా? అయితె రా. నవ్వినోళ్ళు ఒక్కసారన్న పడాలె. గదే ఇక్కడి ఫీజు."

"నాకు భయం చిచ్చా."

"భయం లేనోళ్ళను నేను నీళ్ళల్ల దించ. నువ్వు పనికొస్తవు."

నేను దేనికైనా భయపడే పిల్లను. క్లాసులో లేచి నిలబడి పేరు చెప్పడానికి కూడా గొంతు పెగిలేది కాదు. మొదటి వారం ఆయన నన్ను నీళ్ళ దగ్గరికే రానివ్వలేదు. ఒడ్డున పాత లారీ టైరు మీద నిలబెట్టి, తెరచాప చేతికిచ్చి, కళ్ళు మూసుకోమన్నాడు. "మొఖం మెల్లగ తిప్పు. రెండు చెవులల్ల గాలి ఒక్కతీరుగ మోగిందనుకో, గాలి నీ ముక్కుకు ఎదురుంగ ఉన్నట్టు. కండ్లు మోసం చేస్తయి, చెవులు చెయ్యవు." తెరచాప విసురుగా లాగినప్పుడు నేను బిగుసుకుపోయేదాన్ని. "దానితోని కొట్లాడకు. జర జరిగి తొవ్వ ఇయ్యి. అదే నిన్ను తీస్కపోతది" అనేవాడు. మొదటిసారి బోర్డు మీద నిలబడి వంద గజాలు పోయి వెనక్కి తిరిగి కేక పెట్టిన రోజు, నా గొంతు అంత పెద్దదని నాకే తెలిసింది. ఆ ఏడు కాలేజీ వార్షికోత్సవంలో స్టేజీ ఎక్కి మాట్లాడాను. ఈరోజు నలుగురిలో నోరు విప్పగలుగుతున్నానంటే ఆ టైరు మీద నిలబడ్డ వారమే కారణం.

షెడ్డు ముందు రెండు గుంజల మధ్య ఒక తాడు ఉండేది. దానికి టార్పాలిన్ పేలికలు వేలాడేవి, ఒక్కొక్కరికి ఒక్కో రంగు. నీళ్ళలోకి పోయేవాళ్ళు తమ పేలికకు ముడి వేయాలి. వచ్చి విప్పాలి. తాడు మీద ఒక్క ముడి ఉన్నా చిచ్చా నమాజుకు కూడా ఘాటు దాటేవాడు కాదు, అక్కడే చాప పరిచేవాడు. "బోర్డు పోనీ, తెరచాప పోనీ, నేను కుట్టుకుంట. నువ్వు వచ్చినంక ముందు ముడి విప్పు. తిట్లు తర్వాత తిందువు" అనేవాడు. రెండో నియమం ఇంకా చిన్నది: నీళ్ళలో ఉన్నంతసేపు ఏమైనా బోర్డు వదలొద్దు, మనిషిని తేల్చేది అదే. నాది పసుపు పేలిక.

అది శ్రావణం. మిగతా పిల్లలు ఎవరూ రాలేదు. గాలి ఆగి ఆగి ఒక్కసారిగా మీద పడుతోంది. చిచ్చా షెడ్డులో కూర్చొని చిరిగిన లైఫ్ జాకెట్లు కుడుతున్నాడు.

"ఈ దినం వద్దు బేటా. గాలి బుద్ధి మంచిగ లేదు."

"ఒక్క రౌండు చిచ్చా. రేపు మా ఊరికి పోతున్న."

"జిద్దు పిల్ల. నీళ్ళల్ల నిలబడ్డ ఆ మోడు దాటకు మరి." మంచిగా ఉన్న ఒక్క జాకెట్‌ను నాకే తొడిగి, బకిల్ రెండుసార్లు లాగి చూశాడు.

నేను మోడు దాటాను. కావాలనే దాటాను. గాలి ఒక్క దెబ్బ కొట్టింది. తెరచాప నీళ్ళలో పడింది. తాడు పట్టి ఎన్నిసార్లు లేపినా మళ్ళీ పడింది. బోర్డు లోపలికి కొట్టుకుపోతోంది. వెనక్కి చూస్తే షెడ్డు అగ్గిపెట్టెంత ఉంది. బోర్డు వదిలేసి ఈదాను. జాకెట్ తేల్చింది. ఘాటు వైపు కాదు, గుట్ట వెనక చేల దగ్గర ఒడ్డు దొరికింది.

అక్కణ్ణుంచి ఘాటుకు పది నిమిషాల నడక. నేను పోలేదు. బోర్డు పోగొట్టానని, మాట వినలేదని ఆయన ముందు నిలబడాలంటే సిగ్గేసింది. అత్త కలుపు తీయడానికి పోయింది. తాళం చెవి గూట్లో ఉంది. ఇంట్లోకి పోయి బట్టలు మార్చుకొన్నాను, తల తుడుచుకొన్నాను, టీ కూడా పెట్టుకొని తాగాను. ఆ టీ రుచి నాకింకా గుర్తుంది. అల్లం ఎక్కువైంది.

గంట దాటాక ఘాటుకు పోయాను. సూది జాకెట్‌కే గుచ్చి ఉంది. చిచ్చా లేడు. నాది కాక ఇంకో బోర్డు కూడా మాయమైంది. తాడు మీద నా పసుపు ముడి ఒక్కటే గాలికి కొట్టుకుంటోంది. నన్ను వెతకడానికి పోయాడు, ఒంటి మీద జాకెట్ లేకుండా. నేను చేసిన మొదటి పని ముడి విప్పడం. అలవాటుగా విప్పానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకొన్నాను. అది నిజం కాదు. చుట్టూ ఎవరూ లేరని చూసి విప్పాను. ఆ తర్వాతే కేకలు వేశాను. చేపలవాళ్ళు తమ గుండ్రటి పుట్టీలు నీళ్ళలోకి దించారు. ఆ గాలికి పుట్టి గిరగిరా తిరగడమే తప్ప ముందుకు పోలేదు.

రెండు బోర్డులూ అవతల దొరికాయి. చిచ్చా మూడో రోజు దొరికాడు. ఘాటు మీద జనం తాడు వైపు చూశారు. ఒక్క ముడీ లేదు.

"లోపల ఎవ్వరు లేరు గదా. మరి ముసలోడు ఎందుకు పోయిండు?"

"బోర్డు కొట్టుకపోయిందేమో. ప్లాస్టిక్ ముక్క కోసం పానం ఇచ్చిండు. ఈ వయసుల ఏం షోకు ఇది!"

నేను అత్త పక్కనే నిలబడి విన్నాను. నా నోరు లేవలేదు. ఆ నోటికి మాట నేర్పిన మనిషి చాప కింద ఉన్నాడు.

రెండేళ్ళ తర్వాత, చెప్పేయాలనే కొత్తకోట పోయాను. చిచ్చా భార్య, చాచీ, కుట్టు మిషన్ ముందు కూర్చొని ఉంది. నన్ను గుర్తుపట్టి చాయ్ పోసింది. "నాకంటె ఆ బోర్డే ఎక్కువైంది ఆయనకు" అంది. ఏడవలేదు, కోపంగా అంది. మళ్ళీ తనే అడిగింది. "ఆ దినం లోపల ఎవరన్న ఉండిరా బేటా? నీకేమన్న తెల్సా?"

"తెల్వదు చాచీ" అన్నాను.

అంతే. బస్సెక్కి వచ్చేశాను. భర్త ఒక బోర్డు కోసం తనను వదిలిపోయాడనుకుంటూనే ఆమె పోయిన ఏడు చనిపోయింది. పిల్లలు లేరు. ఆ దుకాణంలో ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. సోమశిల షెడ్డు రేకులు ఎవరో పీక్కుపోయారు, గుంజలు మాత్రం ఉన్నాయి. నేను నిజం చెప్పాలనుకున్నా, అది అక్కరకొచ్చే మనిషి ఒక్కరూ మిగల్లేదు.

రాత్రి ఇక్కడికి రాసి ఆపేశాను. ఈ కొస పిల్లలు బడికి పోయాక రాస్తున్నాను. పొద్దున ఇద్దరినీ కిటికీ దగ్గర కూర్చోబెట్టుకొని అంతా చెప్పాను, అల్లం టీతో సహా. చరణ్‌కు సగమే అర్థమైంది. నందిని చెంప ఇంకా కొంచెం ఎర్రగానే ఉంది. అది నాడా వైపు చూసి అడిగింది. "నువ్వు అప్పుడే పోయుంటె ఆ తాత తిడుతుండెనా అమ్మా?"

"తిడుతుండె" అన్నాను. "బాగ తిడుతుండె. తర్వాత ఇంటికి పోయి అన్నం తింటుండె. రెయిన్‌కోటు పోనీ, ఏదన్న పోనీ బిడ్డా. నేను తిట్టినా కొట్టినా, ముందు వచ్చి ముడి విప్పుండ్రి. నేను ముందు విప్పలే."