అరవై నాలుగు పేర్లున్న డిస్కు

బరంపురం పాత బస్టాండు వెనక సందులో తెలుగు టైపింగు చేసేవాడు ఇప్పుడు ఒక్కడే మిగిలాడు, ఢిల్లీశ్వరరావు. గిరిసోల నుంచి రోజూ పొద్దున్నే రైల్లో వస్తాడు. ఇరవై రెండేళ్లుగా శుభలేఖలూ, పెద్దకర్మ కార్డులూ, అర్జీలూ కొట్టి కొట్టి వేళ్లు మొద్దుబారాయి. ఒడియా ఫారాలు నింపుకుంటే చాలదా, ఈ తెలుగు ఎవడిక్కావాలని భార్య హేమ దెప్పుతుంది. అతను నవ్వి ఊరుకుంటాడు. మొండిమనిషి.

అతని కంప్యూటరూ మొండిదే. పెట్టె ఒకటి, లోపల డిస్కులు రెండు. ఒకదాంట్లో కొత్త విండోస్, ఒడియా ఫారాలు. రెండోదాంట్లో ఏనాటిదో పాత విండోస్. అతని తెలుగు సాఫ్ట్‌వేరు అందులో తప్ప నడవదు. తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతబడింది. స్విచ్చి వెయ్యగానే ఏది కావాలని తెర అడిగేది, పనిని బట్టి ఎంచుకునేవాడు.

పోతయ్య చెప్పిన పేర్లు ఆ పాత డిస్కులోనే ఉన్నాయి.

పోతయ్యది సముద్రం ఒడ్డున ఉన్న చమఖండి. చేపల వేటకెళ్లి తిరిగి రానివాళ్ల పేర్లు ఆ ముసలాయన నోటికి వచ్చు. శవం దొరకనివాళ్లకి మహాలయ అమావాస్య పొద్దున ఒడ్డున నిలబడి, పేరూ తండ్రి పేరూ తెప్ప గుర్తూ చెప్పి నువ్వులూ నీళ్లూ వదిలించేవాడు. అయ్యకి మరుపొస్తోందని కూతురు అమ్మడు భయపడి, పోయినేడు ఆయన్ని బరంపురం తీసుకొచ్చింది. మూడు శుక్రవారాలు ఆయన చెప్పాడు, ఢిల్లీశ్వరరావు కొట్టాడు. మొత్తం అరవై నాలుగు పేర్లు.

"ఇదిగో తాతా, కాయితం అచ్చేసి ఇస్తాను, పట్టుకెల్లు" అన్నాడు చివరి రోజు.

"వద్దురా బాబూ! సచ్చిపోయినోల్ల కాయితం ఇంట్లో ఎట్టుకుంతారేటి? నాను ఉన్నన్నాల్లూ నానే సెప్తాను. నా తరవాత, అమాసకి ముందు మా అమ్మడు వొచ్చి అట్టుకెల్తాది."

ఢిల్లీశ్వరరావుకి ఆ మాటలో వింతేమీ కనిపించలేదు. కర్మ కార్డు నమూనా కాగితాన్ని అతనూ దుకాణంలో ఉంచడు, తప్పులు దిద్దగానే బయటికి తీసుకెళ్లి కాల్చేస్తాడు. చావుకబురు ఇంట్లో దాచుకునేవాళ్లు ఎవరుంటారు? అందుకే కాగితం లేదు. పెన్‌డ్రైవులో ఒక కాపీ వేద్దామని అనుకుంటూనే ఏడాది గడిపేశాడు. మొన్న వైశాఖంలో పోతయ్య పోయాడు.

విశ్వకర్మ పూజ నాడు బరంపురంలో ఏ యంత్రమూ పనిచెయ్యదు. ఢిల్లీశ్వరరావు ఆ రోజు పెట్టె విప్పి దుమ్ము దులిపాడు, డిస్కులు రెండూ బయటికి తీసి గంధం, కుంకుమ పెట్టాడు. బోర్డు మీదుండే బిళ్లంత బ్యాటరీని కూడా ఊడదీసి తుడిచాడు. అది తీస్తే కంప్యూటరు తన సెట్టింగులన్నీ మరిచిపోతుందని అతనికి తెలుసు. పూజ హడావిడిలో గుర్తుకు రాలేదు. డిస్కులు తిరిగి బిగించేటప్పుడు ఏ తీగ దేనికో కూడా చూసుకోలేదు.

మర్నాడు అమ్మడు వచ్చి బల్ల మీద కూర్చుంది. అమావాస్య ఇంకో మూడు రోజులు. స్విచ్చి వేస్తే తెర నల్లగా వచ్చింది, మొదలుపెట్టడానికి డిస్కు లేదంటూ ఒక్క ముక్క ఇంగ్లీషు.

సెట్టింగుల్లోకి వెళ్లాడు. డిస్కులు రెండూ ఒకే కంపెనీవి, ఒకే సైజు. ఒకదాన్ని ముందు పెడితే నీలంగా మెరిసి మళ్లీ మొదటికొచ్చింది. రెండోదాన్ని పెడితే నల్లతెర. వరుస మార్చాడు, మళ్లీ మార్చాడు. రిపేరు చేసే బబ్లూకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. మధ్యాహ్నం దాటేసరికి చొక్కా తడిసిపోయింది.

"ఏటయినాది బాబూ?"

"ఏటీ లేదమ్మా. కూకో. వొచ్చేస్తాది."

అప్పుడతనికి ఒక ఆలోచన వచ్చింది. కొత్త విండోస్‌ని దాని డిస్కులో మళ్లీ ఎక్కిస్తే అది లేస్తుంది, అందులోంచి పాత డిస్కు తెరిచి పేర్లు తీసుకోవచ్చు. ఆలోచన మంచిదే. ఏ డిస్కులో ఎక్కించాలని తెర అడిగింది. సున్నా, ఒకటి. కొత్తది ఎప్పుడూ సున్నాయే. సున్నా నొక్కి, ఉన్నది చెరిపెయ్యమన్నాడు.

నలభై నిమిషాల తర్వాత కంప్యూటరు లేచింది. హమ్మయ్య అనుకుని రెండో డిస్కు తెరిచాడు. ఒడియా ఫారాలు కనిపించాయి.

మళ్లీ మూసి తెరిచాడు. ఒడియా ఫారాలే. తీగలు తారుమారై సున్నా ఒకటయింది, ఒకటి సున్నా అయింది. చెరిపింది పోతయ్య పేర్లున్న డిస్కుని.

బబ్లూ సాయంత్రం వచ్చి చూశాడు. "భాయ్‌నా, దీని మీద మల్లీ రాసేసినారు కదా, ఇంక రాదు. బ్యాటరీ తీసినప్పుడు పోయిన పాత మోడ్ ఒకటి సెట్టింగుల్లో పెడితే సాలు, లేచిపోయుండేది. రెండు నిమిషాల పని."

ఆ రెండు నిమిషాల మాట జీవితాంతం చెవిలో గింగిరాలు తిరుగుతుందని ఢిల్లీశ్వరరావుకి అప్పుడే తెలిసింది. అమ్మడు కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"నా సేతుల్తో నానే సెరిపేసినానమ్మా. పేర్లు లేవు. ఒక్కటీ లేదు."

ఆమె తిట్టలేదు. తిడితే కొంత నయంగా ఉండేది. "మా అయ్య వొద్దంతే నానే తీసుకొచ్చినాను" అని మాత్రం అంది. సంచీ తీసుకుని బస్టాండు వైపు నడిచింది.

రెండు రాత్రులు కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. టైపు చేసేవాడు చదవడు, వేళ్లే చదువుతాయి. ఎంత తన్నుకున్నా నాలుగు పేర్లు దొరికాయి. వాటికి తండ్రి పేర్లు దొరకలేదు. నిన్నమొన్న కొట్టిన దరఖాస్తుల్లోని పేర్లు వచ్చి వాటిలో కలిసిపోయాయి. తన మీద తనకే అసహ్యం వేసింది.

అమావాస్య పొద్దున చమఖండి వెళ్లాడు. వెళ్లకుండా ఉండలేకపోయాడు. ఊరి పెద్ద, గురువులు అనే ఆయన, నీళ్లలో నిలబడి, ఎవరి మనిషి పేరు వాళ్లే చెప్పండన్నాడు. తమ్ముడి పేరు ఒకామె చెప్పింది. మొగుడి పేరు చెప్పి ఇంకొకామె ఏడ్చింది. అమ్మడు తన అన్న పేరు చెప్పింది. కుర్రాళ్లు తాతల పేర్లు చెప్పగలిగారు, ఆ పైవాళ్లవి ఎవరికీ రాలేదు. ఢిల్లీశ్వరరావు వేళ్లు మడుస్తూ లెక్కపెట్టాడు. ఇరవై ఒకటి.

"ఇంకెవులైనా ఉన్నారేటి?" గురువులు ఒడ్డు వైపు తిరిగి కేకేశాడు.

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంకా నలభై మూడు పేర్లున్నాయని అక్కడ ఖాయంగా తెలిసినవాళ్లు ఇద్దరే. అమ్మడు తల దించుకుంది. ఢిల్లీశ్వరరావు నోరు తెరిచాడు, తండ్రి పేరుతో సహా చెప్పగలిగింది ఒక్కటీ రాలేదు. గురువులు ఇక ఎవరూ లేరనుకుని, చేతిలో మిగిలిన నువ్వులు నీళ్లలోకి దులిపేసుకున్నాడు.