మూడో నీళ్ళ కాఫీ

"అమ్మ చేతి కాఫీ... ఆ రుచే వేరు" అని తెగ పోస్టులు పెడుతున్నారే, మీరు సగం నిజమే చెబుతున్నారు. అమ్మ కలిపిన కాఫీ రుచి మీకు తెలుసు. అమ్మ తాగిన కాఫీ రుచి మీకు తెలియదు. ఏనాడూ అడగలేదు.

మా చిన్నప్పుడు... చల్లపల్లి దగ్గర మాది నేతపని ఇల్లు. ముందు గదిలో గుంటమగ్గం మీద నాన్న, వెనక వసారాలో రాట్నం ముందు కండెలు చుడుతూ అమ్మ. తెల్లారగానే ఇత్తడి ఫిల్టర్లో డికాషన్ వేసేదీ అమ్మే.

ఇప్పుడు బందరు రోడ్డులో అద్దాల కాఫీ షాపుకెళ్తే లాటే, కాపుచినో, అమెరికానో... ఒకదాంట్లో పాలెక్కువ, ఒకదాంట్లో నురగెక్కువ, ఒకదాంట్లో వేడినీళ్ళెక్కువ. ఎవరికి నచ్చింది వాళ్ళు అడగొచ్చు. మా ఇంట్లోనూ మూడు రకాలుండేవి. ఎవరికి ఏ రకమో వాళ్ళ హోదాయే చెప్పేది.

మొదటి డికాషన్, చిక్కటి పాలతో, చీరలు కొనే శావుకారుకి. అదే పొడి మీద మళ్ళీ నీళ్ళు పోసి దింపిన రెండోది నాన్నకి. మగపిల్లాణ్ణి కాబట్టి అందులో నాకూ వాటా... సిగ్గులేకుండా తాగాను. ఆ పిప్పినే గిన్నెలో మరగబెట్టి, రంగు కోసం చెంచాడు చికోరీ, ఇంత బెల్లంముక్క వేస్తే మూడోది. అది అమ్మకీ నానమ్మకీ. చికోరీ కాఫీకి చిక్కదనం ఇస్తుంది, నిజమే. కాఫీయే లేని చోట కాఫీ ఉన్నట్టు నమ్మించేదీ అదే.

ఓ రోజు శావుకారు గ్లాసు దించి, "ఏవయ్యా, ఇవాళ కాఫీ అదిరింది! పీబరీ గింజ ఎంత, ప్లాంటేషన్ గింజ ఎంత, చికోరీ ఎంత వేశారేంటి?" అన్నాడు.

నాన్న వసారా వైపు తిరిగాడు. "ఏమే, చెప్పు!" అని లోపలికి కేకేశాడు.

రాట్నం ఆగింది. "రెండు గింజలూ సగం సగం, చికోరీ చిటికెడండీ. రుచి మాత్రం నన్నడక్కండి... నేనెప్పుడూ తాగలేదు."

శావుకారు చీరల మూట తీసుకుని లేచాడు. ఆయన వెళ్ళాక నాన్న, "పరువు తీశావు గదే!" అని అరిచాడు.

"ఉన్నమాటేగా అన్నాను," అంది అమ్మ.

మర్నాడు పొద్దున్నే మొదటి డికాషన్ రెండు గ్లాసుల్లో కలిపింది. ఒకటి పట్టుకుని మగ్గానికి ఎదురుగా కూర్చుంది. నానమ్మ గుండెలు బాదుకుంది. "ఓసి నీ దుంపతెగ! మగాళ్ళు తాగకుండానే? కొంప మునుగుతుందే!"

"మునగనీండి అత్తయ్యా. ఆ రెండో గ్లాసు మీదే. తాగి మునుగుదాం."

నాన్న మగ్గం ఆపి చూస్తున్నాడు. నానమ్మ అటూ ఇటూ చూసి ఓ గుక్క తాగింది. "ఛీ, ఇంత చేదా!" అంది. గ్లాసు మాత్రం కింద పెట్టలేదు... ఆఖరి చుక్క దాకా తాగి, "ఇంకాస్త ఉందేవిటే?" అని అడిగింది.

ఇప్పుడు ఫిల్టర్లు పోయి మిషన్లొచ్చాయి... పొడి మారింది, పాలు మారాయి. అందరికీ ఇచ్చాక అడుగున చల్లారింది తాగే మనిషి మాత్రం మారలేదు. అందుకే బతిమాలడం లేదు, డిమాండ్ చేస్తున్నాను:

– కలిపినవాళ్ళే ముందు తాగాలి.
– ఇంట్లో ప్రతి మగాడికీ డికాషన్ దింపడం రావాలి. పండగపూట ఫొటో కోసం కాదు, రోజూ.
– మిగిలింది తాగడాన్ని త్యాగమని పొగడటం ఆపాలి.
– మీ ఇంట్లో మూడో నీళ్ళు తాగినవాళ్ళ పేర్లు కింద రాయాలి. అమ్మ, నానమ్మ అని వరస కాదు, పేరు. నేను మొదలుపెడుతున్నాను... నాగరత్నం. వీరమ్మ.