కృష్ణసామి సైటుకు పట్టిన జబ్బు

కోవిల్‌పట్టి బ్రౌజింగ్ సెంటర్లో కీబోర్డును రుమాలుతో మూడుసార్లు తుడిస్తేగాని కృష్ణసామి దాన్ని తాకడు. అంతకుముందు ఎవరి వేళ్లు పడ్డాయోనని అసహ్యం. తన గోళ్లలో మాత్రం పొడుము పేరుకుని ఉంటుంది. ఈ నల్లరేగడి ఆసామి, తన కులంవాళ్లు ఇంటి తెలుగును తమిళ అక్షరాల్లో రాసుకోవడానికి 2005లో ఒక బ్లాగుల సైటు పెట్టించాడు. అది పొద్దున తెరుచుకుంటే మధ్యాహ్నం ‘అనుమతి లేదు’ అనేది. విరుదునగర్ బంధువులు విసిగిపోయి ఒక్కొక్కరే రాయడం మానేస్తుంటే, చివరికి సెంటరు నడిపే జెబకుమార్‌కు చూపించాడు.

“అయ్యా, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసే మా కులం తెలుగోళ్లు దీంట్లో రాస్తే, వాళ్ల నెట్టు నంబర్లను మీరే అడ్డేసినారే! లైను కట్టయి మళ్లీ కలిస్తే ఆ నంబరు ఇంకొకరికి పోతుంది. నిన్న మా తమ్మునికి వచ్చిందే ఈ పొద్దు మీ చిన్నాయనకు వచ్చుంటుంది,” అని నవ్వాడు జెబకుమార్. అతని తమ్ముడిది ఆ ఫ్యాక్టరీలోనే పని. “ఆ లిస్టు తుడిచేస్తే అందరికీ తెరుచుకుంటుంది.”

“అందరికీనా?” కృష్ణసామి మూతి పుచ్చువంకాయ కొరికినట్టు వంకరపోయింది. “అట్లయితే ఆ లిస్టు ఉండనీ రా.”

అక్కడినుంచే విరుదునగర్‌కు ఫోను చేసి, జెబకుమార్ వింటుండగానే, “తప్పంతా లైనుదే చిన్నాయనా,” అన్నాడు.