గోడవతల కేరల్స్

విజయనగరం పాత ఊళ్లో మా అమ్మ ఉండే వీధికి ఎటు చూసినా దారులే. ఒక సందులో దూరితే ఇంకో వీధి, ఎవరి పెరట్లోంచో నడిస్తే చర్చి. క్రిస్మస్ ముందు సంఘం వాళ్లు కేరల్స్ పాడుతూ ఇంటింటికీ నడిచే వచ్చేవారు. పాడించుకున్న ఇంటివాళ్లు కూడా వెనకాలే బయల్దేరేవారు. ఆఖరి ఇంటికి చేరేసరికి వీధి పట్టేది కాదు.

ఇప్పుడు నేనూ మా ఆయనా ఊరి చివర లేఅవుట్‌లో ఇల్లు కట్టుకున్నాం. అంతటికీ ఒకటే గేటు. లోపల రోడ్లన్నీ ప్రహరీ దాకా వెళ్లి ఆగిపోతాయి. మా వెనక గోడకవతల ఇంకో లేఅవుట్. అందులో గోడ పక్కనే ఉన్న ఇంట్లో పోపు పెడితే మాకు తుమ్ములొస్తాయి. కానీ అక్కడికి వెళ్లాలంటే మెయిన్ రోడ్డెక్కి, పెట్రోల్ బంకు దాటి చుట్టూ తిరగాలి. ప్లాన్ గీసినవాడికి చుట్టాలెవరూ లేరేమోనని నా అనుమానం.

మోకాళ్లు పట్టేసిన అమ్మను ఈమధ్య మా దగ్గరికి తెచ్చుకున్నాను. వస్తూనే షరతు పెట్టింది.

"కేరల్స్ వస్తారేటి మీ ఇంటికి? రాకపోతే నేనుండను సూడు. మా వీధికి దిగబెట్టీ."

తెచ్చుకున్న సంచి కూడా విప్పలేదు. నేను సంఘ పెద్దకు ఫోన్ చేసి, ఇంటి లొకేషన్ పంపాను.

కేరల్స్ రావాల్సిన సాయంత్రం అమ్మ కొత్త చీర కట్టుకుని వీధి గుమ్మంలో కూర్చుంది. టీ మరుగుతోంది, కజ్జికాయలు పళ్లెంలో ఉన్నాయి. డోలక్ వినిపించింది, కానీ పెరటివైపు నుంచి. ఫోన్‌లో మ్యాప్ వాళ్లను గోడకవతలి వీధిలోకి తెచ్చి నిలబెట్టింది.

"అప్పా, దారెటు?" అని అవతల్నుంచి సంఘ పెద్ద కేకేశాడు. అమ్మ ఆయనకు అక్క వరస. చుట్టూ తిరిగి రావాలని నేను చెబితే, ఇంకా చాలా ఇళ్లున్నాయని నసిగాడు. నాకు ఒళ్లు మండింది, ఆయన మీద కాదు, ఆ గోడ మీద. అమ్మ ముఖం చూడలేకపోయాను.

అమ్మ నా భుజం పట్టుకుని మెల్లగా పెరట్లోకొచ్చింది.

"దారేటీ లేదురా. అక్కడే పాడండి."

పాడారు. మాకు గిటారు కొస తప్ప ఏమీ కనిపించలేదు. రెండో చరణం అమ్మ అందుకుంది. అవతల వాళ్లు ఆగి, ఆవిడను పాడనిచ్చి, పల్లవి దగ్గర కలిశారు. నాకు ఏడుపొచ్చింది. మా ఆయన స్టూలెక్కి టీ గ్లాసులూ కజ్జికాయలూ గోడ మీంచి అందించాడు. పోపు పెట్టే ఇంటావిడ గ్లాసులు కడిగి, తనూ కుర్చీ ఎక్కి మరీ తిరిగిచ్చింది. ఆవిడ ముఖం చూడటం అదే మొదలు.

మర్నాడు లేచేసరికి అమ్మ సంచి ఖాళీగా ఉంది, చీరలన్నీ బీరువాలో ఉన్నాయి. తను పెరట్లో గోడను తడిమి చూస్తోంది.

"ఒసే, మేస్త్రీని పిలు. దీనికి ఆనించి నాకో అరుగు కట్టించు. వచ్చే ఏడు అంతసేపు నేను నిల్సోలేను."