స్పూనుతో కొలిచే షఫీవుల్లా

మా కార్ల ఫ్యాక్టరీలో అందరూ చొక్కా జేబులో పెన్ను పెట్టుకుంటే షఫీవుల్లా గారు స్పూను పెట్టుకుంటారు. డబ్బా మాత్రం తెచ్చుకోరు. స్పూను సొంతం, కూర పరాయి. ఆయన మా వెల్ఫేర్ ఆఫీసరు. నేను ఆయన కింద అసిస్టెంటుని, పేరు నందిని. ఆయన వెనక తిరిగి తిరిగి నాకబ్బిన విద్య ఒక్కటే: క్యాంటీన్ గుమ్మంలో నిలబడి ఏ టేబుల్ మీద ఏ కూర ఉందో వాసనతో చెప్పెయ్యగలను.

క్యాంటీన్ సాంబారును నేను చచ్చినా తిట్టను, కాంట్రాక్టరు మా వదినకు అన్న. కానీ సగం మంది ఇంటి నుంచే డబ్బాలు తెచ్చుకుంటారంటే మీరే అర్థం చేసుకోండి. కదిరి వాళ్లదొక టేబుల్, హోసూరు తమిళులదొక టేబుల్, ఒడిశా పిల్లలదొక టేబుల్. గంట మోగగానే షఫీవుల్లా గారు వచ్చేవారు. "ఏమప్పా, ఏముండాది ఈ పొద్దు?" అని అడిగేలోపే స్పూను డబ్బాలో దిగేది.

ఒడిశా పిల్లాడు పఖాల తెస్తే ఒక స్పూను నోట్లో వేసుకుని, "ఇది మా సద్దన్నమే గదప్పా! దీనికోసరం అంత దూరం నుంచి మోసుకొచ్చినావా?" అని ఆ డబ్బా ఎత్తుకుపోయి కదిరి వాళ్ల ముందు పెట్టేవారు. సీట్ల సెక్షన్లో పనిచేసే కదిరమ్మతో, "నీ పుల్లగూర కన్నా హోసూరాయప్ప పులుసు మేలు" అనేవారు. "ఏందీ? ఏదీ, ఇట్లా ఈయ్!" అని కదిరమ్మ కొంగు బిగించి లేచేది. కాసేపటికి రెండు టేబుళ్ల వాళ్లూ ఒకరి డబ్బాలో ఒకరు చెయ్యి పెట్టి వాదించుకుంటూ ఉండేవారు.

"మనుషుల్ని కలపమని జీతమిస్తే కొట్లాటలు పెడతారేంది సార్?" అని నేనోసారి నిలదీశాను.

"నోట్లో ముద్ద పెట్టుకోని ఎంతసేపు కొట్లాడతారమ్మా?" అన్నారు, నా డబ్బాలోని వంకాయ తీసుకుంటూ.

ఇలా ఉండగా పైనుంచి ఒక సర్వే వచ్చింది. కార్ల కంపెనీల్లో ఎన్ని జాతుల వాళ్లు పనిచేస్తున్నారు, కలిసిమెలిసి ఉన్నారా లేదా అని కొలిచి ర్యాంకులు ఇస్తారట. 'మీ జాతి ఏది?' అన్న ప్రశ్న కింద ఆసియన్, యూరోపియన్, ఆఫ్రికన్, ఇతరులు అని ఉంది. మా వాళ్లందరూ ఆసియన్ నొక్కారు. కంప్యూటరు తేల్చి చెప్పింది: వైవిధ్యం సున్నా. మా మేనేజరు జయచంద్ర గారికి అన్నం సయించలేదు.

షఫీవుల్లా గారికి మాత్రం నవ్వు ఆగలేదు. "సున్నానా? మా గుంతకల్లోళ్లూ కదిరోళ్లే ఒక తీరు కాదు గదప్పా! బొరుగుల ఉగ్గాణిలో నిమ్మకాయ పిండాల్నా వద్దా అని కొట్టుకునేదానికొస్తారు. నా స్పూను పంపిస్తా, దాంతో కొలవమను."

"మీ స్పూనే మన కొంప ముంచేటట్టుంది" అన్నారు జయచంద్ర.

సరిగ్గా అప్పుడే కృపాకుమారి డోర్ సెక్షన్లో ట్రైనీగా చేరింది. కొత్తచెరువు దగ్గర పల్లె. అమ్మానాయనలు కూలికి పోతారు, ఆదివారం చర్చికి పోతారు. మొదటి రోజు డబ్బా పట్టుకుని వచ్చి కదిరమ్మ వాళ్ల టేబుల్ దగ్గర కూర్చుంది. ఎవరూ ఒక్క మాట అనలేదు. డబ్బాలు మాత్రం కొంచెం అటు జరిగాయి. ఆ పిల్ల చూసింది, నేనూ చూశాను. నాకు ఒళ్లు మండిపోయింది. మర్నాటి నుంచి ఆమె చేతులు కడిగే కొళాయిల పక్కన బెంచీ మీద ఒక్కతే కూర్చుని తినేది.

"శనివారం దాకా చూస్తానక్కా, తర్వాత రాను" అని నాతో చెప్పింది. "కూలికి పోయినా పక్కన కూర్చోని తినేదానికి మా యమ్మ ఉంటాది."

ఆ మాట షఫీవుల్లా గారి చెవిన వేశాను. అంతే, రోజూ ముందు ఆ బెంచీ దగ్గరికే పోవడం మొదలుపెట్టారు. ఆ పిల్ల తెచ్చే ఊరిబిండి, అంటే మిరపకాయలూ చెనిక్కాయలూ వేయించి నూరిన పచ్చడి, ఇంత నోట్లో వేసుకుని, "అబ్బబ్బబ్బ! కదిరమ్మా, నీ ఊరిబిండి ఇంక కట్టిపెట్టు! ఈ అమ్మి చేసిందే ఊరిబిండి!" అని క్యాంటీన్ అదిరేటట్టు అరిచేవారు. కారానికి కళ్లలోంచి నీళ్లు కారేవి. కదిరమ్మ మొహం మాడ్చుకునేది గానీ లేచేది కాదు. "నాకు కడుపు నిండిందిలే అన్నా" అనేది. మర్నాడు ఈయన ఇంకా పెద్దగా అరిచేవారు. ఇంత జరుగుతుంటే ఈయనకు తిండి యావే గానీ ఇంకోటి లేదని నేను లోలోపల తిట్టుకున్నాను.

శనివారం రానే వచ్చింది. మమ్మల్ని కొలవడానికి బెంగళూరు నుంచి సిమ్రాన్ అనే అమ్మాయి కూడా వచ్చింది. జయచంద్ర గారు పొద్దున్నే షఫీవుల్లా గారిని పిలిచి, "ఈరోజు మీరు క్యాంటీన్లో కనపడకూడదు. పరాయి డబ్బాలో స్పూను పెట్టడం వాళ్ల రూల్సులో వేధింపు అవుతుంది" అన్నారు. ఆయన తన గదిలోకి పోయి తలుపేసుకున్నారు.

భోజనం గంట మోగింది. అందరూ మూతలు తీశారు గానీ ఒక్కరూ ముద్ద కలపలేదు. అందరి చూపులూ గుమ్మం మీదే. "అన్న యాడప్పా?" అని ఎవరో అడిగారు. సిమ్రాన్ లాప్‌టాప్ పట్టుకుని అందరినీ వింతగా చూస్తోంది. జయచంద్ర గారికి చెమటలు పడుతున్నాయి.

ఇంక కదిరమ్మ వల్ల కాలేదు. లేచి విసవిసా బెంచీ దగ్గరికి నడిచింది.

"ఏమ్మీ, దినామూ ఆయప్ప నా పరువు తీస్తాండాడు. ఈ పొద్దు పొగిడేదానికి ఆయప్ప లేడు. ఏదీ, ఆ ఊరిబిండి ఇట్లా ఈయ్, తేల్చేస్తా."

కృపాకుమారి భయంభయంగా డబ్బా చాపింది. కదిరమ్మ వేళ్లతో ఇంత తీసి నోట్లో పెట్టుకుంది.

"ఉప్పు తక్కువ" అంది. మళ్లీ తీసుకుంది. "చింతపండు ఎక్కువ." మళ్లీ తీసుకుంది.

"మా ఊర్లో అట్లే చేస్తారక్కా" అంది పిల్ల.

"అయితే మీ ఊరిదే తప్పు! రా, నాది తిని చెప్పు." ఒక చేత్తో డబ్బా, ఇంకో చేత్తో పిల్లను పట్టుకుని తన టేబుల్ దగ్గరికి లాక్కుపోయింది. "జరగండే, ఏం చూస్తాండారు!" అని గదిమింది. అందరూ జరిగారు. డబ్బా చేతులు మారింది, హోసూరు టేబుల్ దాకా పోయింది.

"ఇది మీరు పెట్టిన కార్యక్రమమా?" అని సిమ్రాన్ అడిగింది.

"అవును మేడమ్, మేనేజ్‌మెంటు ఆలోచనే" అన్నారు జయచంద్ర, సిగ్గు లేకుండా.

నేను షఫీవుల్లా గారి గదికి పరుగెత్తాను. తలుపు తీస్తే ఆయన గబుక్కున ఏదో బల్లకిందికి తోశారు. చూస్తే డబ్బా! అందులో ఉప్పూ కారం లేని మజ్జిగన్నం.

"మీకు డబ్బా ఉండాదా సార్?"

"దినామూ మా ఇంటామె షరీఫాబీ కట్టిస్తాది. గది తలుపేసుకోని తింటా. కడుపులో పుండమ్మా, కారం తగలకూడదన్నాడు డాక్టరు. ఆ ఊరిబిండి సంగతి మా ఇంట్లో చెప్పొద్దు తల్లీ, చంపేస్తాది."

"మరి అందరి డబ్బాల్లో స్పూను ఎందుకు పెడతారు సార్?"

"నా డబ్బా పట్టుకోని ఒక టేబుల్ కాడ కూర్చుంటే నేను ఆ టేబులోణ్ణయిపోతా. డబ్బా లేనోణ్ణి ఎవురు పొమ్మంటారు?" అన్నారు. మీసానికి మజ్జిగ అంటి ఉంది గానీ, ఆ క్షణంలో ఆ మనిషికి దండం పెట్టాలనిపించింది.

అంతలో కృపాకుమారి గుమ్మంలోకి వచ్చింది. కడిగిన డబ్బా చేతిలో ఉంది.

"అన్నా, ఈ పొద్దు మీకేం మిగల్లేదు. కదిరమ్మక్క ఊడ్చేసింది. సోమవారం పెద్ద డబ్బా తెమ్మనింది."

షఫీవుల్లా గారు బల్ల మీద చరిచి, "నాకు ఒక స్పూనన్నా మిగల్చకుండా తింటారా? పద్ధతీ పాడూ లేకుండా పోయింది ఈ ఫ్యాక్టరీలో!" అని అరిచారు. అంత సంతోషంగా తిట్టిన మనిషిని నేనింతవరకు చూడలేదు.